బల్ల మీద ఐదో దెబ్బ

గిరీ, దమ్ముంటే ఇది సదివి నమ్మరా. నవ్వినావో, బ్లాక్ సేసేస్తాను.

మా జెనీ అక్క తెల్సు కదా. ఎంబీబీఎస్ అయిపోనాది, పిల్లల డాక్టరవ్వాలని పీజీ ఎంట్రెన్స్ రెండుసార్లు రాసినాది, రాలేదు. ఇది మూడోసారి. నాన్న ఇదే ఆఖరన్నాడు. దాని బేచ్‌వోళ్ళందరూ ఎండీల్లో సేరిపోనారు, ఫోన్ కూడా ఎవుడూ సెయ్యడు. పగలంతా నర్సింగ్‌హోంలో డ్యూటీ, సాయంత్రం తలుపేసుకుని సదువు. నా పనేటంటే గుమ్మం బయట కూకుని ఫోన్లో కొచ్చిన్లు సదవడం. మాటాడే ఓపిక లేక అక్క లోపల బల్ల కొడతాది. ఏ అయితే ఒకటి, బీ అయితే రెండు, అలా డీకి నాలుగు.

మాది రైల్వే కోటర్ కదా, ఆ బల్ల పక్క కోటర్ గోడకి ఆనించుంటాది. ఆ కోటర్ కండెమ్, ఉండడానికి పనికిరాదని రాసేసి రైల్వేవోళ్ళు తాళమేసి ఏళ్ళయిపోనాది.

మొన్న వానల్లో ఓ రోజు... ఆరయ్యింది, కరెంటు లేదు. తలుపేసుంటే అక్క లోపలున్నట్టే కదా. కూకున్నాను. తడి సున్నం వాసన.

"పుట్టిన బిడ్డ ఏడవకపోతే మొదట ఏటి సెయ్యాలి?" ఆప్షన్లు సదివినాను.

టక్. టక్.

కరెక్ట్. అలా పది అడిగినాను, పదికి పది కరెక్ట్!

"ఏటక్కా, ఈయాల దుమ్ము లేపేస్తన్నావు!"



అప్పుడు గేటు కిర్రుమంది... జెనీ అక్క. నిలువునా తడిసిపోయి. "గోల్‌బజార్ కాడ ఆటో దొరకలేదురా."

తలుపేపు సూపించినాను. అక్క తీసినాది. కుర్సీ బల్లకిందకి తోసినట్టే ఉంది. ఎవులూ లేరు.

అక్క బయపడలేదురా. గోడేపు సూసి మెల్లిగా అడిగినాది, "ఎన్ని కరెక్ట్?"

"పది."

"నాకెప్పుడూ ఏడే." నా సెయ్యి పట్టుకున్నాది. "అమ్మకి సెప్పకురా టోనీ. గది మార్పించేస్తాది. నాతో కలిసి సదవడానికి ఇంకెవులున్నారు?"

సెప్పలేదు. సీటొచ్చినాది. కలకత్తాలో, పిల్లల డిపార్ట్‌మెంటే. నిన్న ఎల్లిపోనాది. ఎల్లేముందు బల్ల మీద ఒక్కసారి కొట్టినాది, ఎల్లొస్తానన్నట్టు.

గోడ అవతల్నుంచి... ఐదు దెబ్బలు.

"నాలుగే కదరా ఆప్షన్లు," అన్నాది అక్క.

ఇప్పుడు నేను బయట అరుగు మీద కూకుని టైప్ సేస్తన్నాను. ఆగరా, అమ్మ వంటింట్లోంచి అరుస్తంది

"ఒరే టోనీ! అక్క గదిలో ఆ బల్ల కొట్టుడేటిరా? ఐదు కొట్టి ఆపుతావు, మళ్ళీ ఐదు కొడతావు... రా ఇటు!"