రెండు పిట్టల గొడుగు

"ఈ పిట్ట కుదరదండీ."

"ఎందుకు కుదరదు? నా పిట్టకేం తక్కువ?"

"అచ్చం ఇలాంటిదే ఇంకో కంపెనీకి ఉంది. ట్రేడ్‌మార్క్ ఇవ్వరు."

"సరిగ్గా చూడండి మేడమ్. వాళ్ల పిట్ట తోక కిందికి ఉంది. నాది పైకి ఉంది."

"కొనేవాళ్లు తోక చూసి కొంటారా?"

అతని జుట్టులోంచి నీళ్లు కారి ఆమె బల్ల మీది ఫైలు మీద టప్పున పడ్డాయి. అతనిది గొడుగుల షాపు. వచ్చింది మాత్రం నిలువునా తడిసి.

"మీకోసం ఒక్క గొడుగైనా దాచుకోలేదా?"

"బయట వాన చూశారుగా! ఉన్నవన్నీ అమ్ముడుపోయాయి."

నవ్వు ఆపుకోవడానికి ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆ రోజు నుంచి ఆమె అతనికి కళ్లజోడుగారు. కొన్నాళ్లకి ఆ గారు కూడా పోయింది.

మామయ్య కుటుంబంతో ఈ దేశం వచ్చినప్పుడు ఆమెకి ఇక్కడి భాష ఒక్క ముక్క రాదు. బట్టల ఫ్యాక్టరీలో చొక్కాల మెడలకి లేబుళ్లు కుట్టే పని దొరికింది. పొద్దస్తమానం వాటినే చూసి చూసి, ఏ రెండు బొమ్మలు అక్కాచెల్లెళ్లలా ఉన్నాయో, ఏవి పరాయివో ఆమె కళ్లు ఇట్టే పసిగట్టేవి. ఫ్యాక్టరీ పని మీద వచ్చిన లాయరమ్మ అది గమనించి, "ఆ కళ్లు నాకు కావాలి" అని తన ఆఫీసులో పెట్టుకుంది. అక్కడే భాష వచ్చింది, పని వచ్చింది. గొడుగుల అబ్బాయీ వచ్చాడు.

ఆమె సలహాతోనే అతను పిట్టని వదిలేసి, మూడు చినుకుల బొమ్మ పెట్టుకున్నాడు. అది రిజిస్టర్ అయిపోయింది. అయినా రావడం మానలేదు.

"బాబూ, నీ పని ఎప్పుడో అయిపోయింది కదా?" అంది లాయరమ్మ ఒకరోజు.

"అవునండీ. థాంక్స్ చెప్పడానికి వచ్చాను."

"రోజూనా?"

కళ్లజోడు ఫైలులో మొహం దాచుకుంది.

లాయరమ్మ పెద్దదైపోయి ఆఫీసు మూసేశాక, ఆమె ధైర్యం చేసి లాండ్రీ పైన ఒక గది తీసుకుంది. తలుపు మీద కాగితం అతికించింది, 'ట్రేడ్‌మార్క్ సేవలు' అని. మొట్టమొదట పని ఇచ్చింది రెయిన్‌కోట్ల కంపెనీవాళ్లు. కొమ్మ మీద రెండు పిట్టలు, అదీ వాళ్ల గుర్తు. వారం వారం ట్రేడ్‌మార్క్ ఆఫీసు జర్నల్‌లో, రిజిస్టర్ చేయమని వచ్చిన కొత్త గుర్తులన్నీ అచ్చవుతాయి. వాళ్ల పిట్టల్లాంటివి కనిపిస్తే వెంటనే అభ్యంతరం పంపాలి.

"ఊళ్లోవాళ్లందరికీ గుర్తులు చేయిస్తావు. మరి నీకేది?" అన్నాడు అతను, ఆ కాగితం చూసి.

"ఏ బొమ్మా నచ్చడం లేదు."

"ఆ జర్నల్ మొత్తం చదువుతావా?"

"ఒక్క బొమ్మ వదలను."

"ఒట్టు?"

"ఒట్టు. నీకెందుకు?"

"ఊరికే" అన్నాడు. ఆ నవ్వు మాత్రం ఊరికే నవ్వింది కాదు. అతను వెళ్లాక కూడా అది గదిలోనే ఉండిపోయింది.

కొన్ని నెలలకి జర్నల్‌లో ఒక బొమ్మ కనిపించింది. గొడుగు కింద రెండు పిట్టలు. బొటనవేలి గోరంత బొమ్మ. సిరా అలుక్కుపోయి, ఒక పిట్ట మొహం మీద మరకలా ఉంది. దరఖాస్తు పెట్టింది ఎవరో ఒకావిడ. కళ్లజోడు ఎగిరి గంతేసినంత పని చేసి, తన సొంత సంతకంతో మొదటి అభ్యంతరం రాసి పంపింది.

కొన్నాళ్లకి అతను వచ్చాడు. ఎందుకో కూర్చోలేదు.

"జర్నల్ చదివావా?"

"చదవకపోవడమేంటి! రెండు పిట్టలు పెట్టారు ఎవరో. అభ్యంతరం పంపేశాను."

"బొమ్మ బాగా చూశావా?"

"చూశాను కాబట్టేగా!"

"ఆలోచించే రాశావా?"

"ఆలోచించకుండా సంతకం పెడతానా?"

"నిజమేలే" అన్నాడు మెల్లగా. మెట్లు దిగి వెళ్లిపోయాడు. బయట వాన. అతని గొడుగు గది మూలనే ఉండిపోయింది.

"గొడుగు మర్చిపోయావ్!" అని కిటికీలోంచి అరిచింది. అతను తలెత్తలేదు.

మళ్లీ రాలేదు. షాపుకి వెళితే షట్టర్ దించి ఉంది. ఒక్క మాటైనా చెప్పకుండా పోయాడంటే తను అతనికి ఏమీ కానన్నమాట అనుకుని, దుఃఖం మింగి పనిలో పడిపోయింది. ఆ గొడుగు కింది పిట్టలవాళ్లు అభ్యంతరానికి జవాబు ఇవ్వలేదు. వాళ్ల దరఖాస్తు రద్దయింది.

ఒక సాయంత్రం ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. చేతిలో గోడగడియారమంత బొమ్మ.

"నేను గొడుగుల అబ్బాయి అక్కనమ్మా. షాపు ఖాళీ చేస్తుంటే ఇది దొరికింది. పారేయడానికి చేతులు రాలేదు."

గొడుగు కింద రెండు పిట్టలు. ఒకదాని తోక పైకి ఉంది. రెండోదాని కళ్లకి కళ్లజోడు ఉంది.

ఆమె చెయ్యి తన కళ్లజోడు మీదికి వెళ్లింది.

"నా పేరు మీద పెట్టించాడు. తన పేరైతే నీకు ముందే తెలిసిపోతుందట. జర్నల్‌లో చూసి నవ్వుతుందక్కా, అప్పుడు అడుగుతాను అన్నాడు. నీ అభ్యంతరం వచ్చాక..." అక్క బొమ్మని బల్ల మీద పెట్టింది. "తెలిసే వద్దందక్కా, నన్ను నొప్పించకూడదని ఎవరో పరాయివాళ్లన్నట్టు చెప్పింది పాపం, మంచి పిల్ల, అన్నాడు."

"నాకు తెలియదక్కా! ఇంతే ఉంది బొమ్మ, ఇంతే..." గోరు చూపిస్తూ ఏడ్చేసింది.

అక్క చాలాసేపు ఆమె వీపు నిమిరింది. "వాడు దూరంగా ఉద్యోగానికి పోయాడు. వచ్చే వారం పెళ్లి. ఫోన్ చేసి చెప్పమంటావా?"

కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఎంత తుడిచినా మసక పోలేదు.

"ఆ అమ్మాయికి అతనంటే ఇష్టమేనా?"

"ప్రాణం."

"అయితే వద్దక్కా. ఈ బొమ్మ మాత్రం నాకిచ్చెయ్యి."

రెయిన్‌కోట్లవాళ్లని బతిమాలి ఒప్పించి, ఆ బొమ్మని తన సంస్థకి గుర్తుగా పెట్టుకుంది. జర్నల్‌లో అచ్చయింది. అభ్యంతరాలకి గడువు మొదలైంది. ఆ గడువులో ఎవరూ నోరెత్తకూడదని అందరూ దేవుళ్లకి మొక్కుకుంటారు. ఆమె మాత్రం, అభ్యంతరమైనా సరే, అది నా బొమ్మ అని ఒక్కరు అంటే బాగుండునని మెట్ల మీద పోస్ట్‌మ్యాన్ అడుగుల కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంది.

ఎవరూ అనలేదు. రిజిస్టర్ అయింది.

బోర్డు కట్టిన రోజు వాన మొదలైంది. పని మీద వచ్చిన పెద్దాయన ఒకాయన, మూలనున్న పాత గొడుగు పక్కనే తన గొడుగు ఆనించి, గోడ మీది బొమ్మ వంక చూసి నవ్వాడు.

"పిట్టకి కళ్లజోడేంటమ్మా?"

"దగ్గరున్నది కనపడదండీ దానికి" అంది ఆమె, కుర్చీ చూపిస్తూ. "కూర్చోండి. మీ గుర్తు చూపించండి."