ముసురులో వేసిన నీలిరంగు

“ఇది బోనెట్టా, ఆటలమ్మ పోసిన మొహమా?”

లెక్కల టీచరు తన కారు ముందు నిలబడి అడిగిన ప్రశ్న షెడ్డంతా వినిపించింది. నెల క్రితం వేయించిన నీలిరంగు నిండా పొక్కులు లేచాయి.

పెయింటరు తలెత్తి చూశాడు. కారు అప్పగించిన నాడు, “ఈ రంగు బాగా నప్పిందండీ,” అన్నది ఇతడే. “నాకా, కారుకా?” అని ఆమె నవ్వితే చెవుల దాకా ఎర్రబడ్డదీ ఇతడే.

“మాట్లాడరేం? నోట్లో కూడా పుట్టీ పెట్టుకున్నారా?”

“పని చెడిందండీ. చేసింది నేనే,” అన్నాడు.

షెడ్డు యజమాని ఆమెకు స్వయానా బాబాయి. “వీడికి చేతకాదమ్మా!” అని పదిమంది పనివాళ్ళ ముందు అతణ్ణి ఆ పూటే వెళ్ళగొట్టాడు. ఆమె అడ్డు చెప్పలేదు.

వారం తరువాత షెడ్డుకు వచ్చినప్పుడు గోడకు వేలాడుతున్న రేకుముక్కలు ఆమె కంటబడ్డాయి. ఏ కారుకు రంగు వేసినా, అదే రంగు ఒక రేకుముక్కకు కూడా వేసి, వెనుక తేదీ, వాతావరణం రాసిపెట్టడం పెయింటరు అలవాటు. నీలిముక్క నిండా అవే పొక్కులు. తిప్పి చదివింది.

“ముసురు. గాలిలో తేమ ఎక్కువ. రంగు కింద చెమ్మ నిలుస్తుంది, ఆగుదామన్నాను. సాయంత్రానికే కావాలన్నారు.”

ఆనాడు ఫోను చేసి తొందరపెట్టింది తానే. పెయింటరు వద్దన్న సంగతి దాచింది బాబాయి.

“బాబాయ్, ఇది చదువు.”

“ఎవడో పనివాడి కోసం నన్ను నిలదీస్తావుటే?”

“తప్పు మనిద్దరిదీ. శిక్ష అతనొక్కడికా?”

బాబాయి చదివాడు. రేకును బల్లమీద బోర్లించాడు. “సరేలే, రమ్మను,” అన్నాడు.

ఊరి చివర ఇనుప గేటుకు రంగు వేస్తూ కనిపించాడు పెయింటరు.

“బాబాయి తప్పు ఒప్పుకున్నారు. నేనూ ఒప్పుకుంటున్నాను. వచ్చేయండి.”

“ఎవరి ముందు ఒప్పుకున్నారండీ?”

“నా ముందు.”

“నన్ను వెళ్ళగొట్టింది పదిమంది ముందు.”

“రేపు ఆ పదిమంది ముందూ నేనే చెబుతాను. బాబాయి చేత కూడా చెప్పిస్తాను.”

“చెప్పండి. అది న్యాయం. అయినా ఆ షెడ్డుకు నేను రాను.”

“మరి నా కారు?”

“పొక్కుల మీద కొత్త రంగు నిలవదండీ. రేకు తేలేదాకా గీకాలి.”

“గీకండి. ఓర్చుకుంటాను.”

“ఇవాళ కాదు. ఆకాశం చూడండి.”

“ఎన్నాళ్ళు?”

“లెక్కల టీచరు మీరు. మీరే చెప్పాలి.”

చినుకులు మొదలయ్యాయి. తడి రంగు మీద పడకుండా అతడు హడావిడిగా టార్పాలిన్ విప్పాడు. గాలికి ఒక కొస ఎగిరిపోతుంటే ఆమె అందుకుని పట్టుకుంది.

అతడు నవ్వలేదు. వదలమని కూడా అనలేదు.