గోడ వెనక దయ్యం

"తిప్పరా... తుపాకి ఇటు తిప్పు!"

డేగ పళ్లు నూరుతున్నాడు.

వీడియో గేముల్లో దొంగాట పట్టడం అతని ఉద్యోగం. ఆఫీసువాళ్లు పెట్టిన పేరే డేగ.

కింద స్టేజీ మీద ఫైనల్. ఆడుతున్నది... సొంత బావమరిది!

గేములో గోడ వెనక డేగ ఒక దయ్యాన్ని నిలబెట్టాడు. ఉత్తుత్తి శత్రువు. మామూలు ఆటగాడికి కనపడదు. గోడల్లోంచి చూపించే దొంగ సాఫ్ట్‌వేర్ ఉన్నవాడికే కనపడుతుంది. తుపాకి అటు తిరిగిందా... దొరికినట్టే!

తిరగలేదు.

ఇంకో దయ్యం.

ఊహూ!

"వదిలెయ్ గురూ," పక్క సీటువాడు ఆవలించాడు. "బావమరిది బావ బతుకు కోరతాడంటారు. నువ్వేంటి, వాడి చావు కోరుతున్నావ్?"

"నోర్ముయ్!"

"కడుపుమంటకి మందు లేదులే." నవ్వుతూ కాఫీకి పోయాడు.

మంటే! పెళ్లయిన దగ్గర్నుంచీ భార్యది ఒకటే పాట... "మా తమ్ముడి బుర్రే బుర్రండీ!" మొగుడు పట్టిన దొంగల గురించి ఒక్కసారైనా అడిగిందా? అదిగో, మొదటి వరసలో. తమ్ముడి బొమ్మ టీషర్టుతో!

డేగ వేలు కదిలింది.

దయ్యాన్ని బావమరిదికి కనపడేలా చేశాడు. రికార్డులో మాత్రం కనపడనట్టే! పచ్చి మోసం. బయటపడితే జైలే.

కాల్చాడా... వాడికి జీవితాంతం బ్యాన్!

బావమరిది మలుపు తిరిగాడు. ఎదురుగా నిలువెత్తు శత్రువు!

కాల్చరా...

కాల్చలేదు. పక్కనించి నడిచిపోయాడు!

డేగ తెరకి దగ్గరగా వంగాడు.

శత్రువు ఎదురొస్తే కాల్చని ఆటగాడుంటాడా? అది దయ్యమని ముందే తెలిస్తే తప్ప!

దొంగే!

కానీ ఎలా తెలిసింది? ఏది దయ్యమో చెప్పే గుర్తులు డేగ ఇంటి కంప్యూటర్లోనే ఉన్నాయి. అది తెరిచే వేలిముద్రలు రెండే. ఒకటి తనది. రెండోది... కొత్త కాపురంలో ముద్దుగా తనే భార్య చేత వేయించింది.

తల తిప్పాడు.

హాలంతా స్టేజీ వైపు చూస్తోంది. ఆమె ఒక్కతే పైకి, డేగ కూర్చున్న గాజు గది వైపు చూస్తోంది!

తలుపు ధడాలున తెరుచుకుంది. సెక్యూరిటీ ఆఫీసర్!

"చేతులు పైకెత్తు! దయ్యాల గుర్తులు నీ లాగిన్ నుంచే బయటికెళ్లాయి."

"నేను కాదు సార్! వాడే దొంగ! ఇప్పుడే పట్టాను!"

"ఎలా పట్టావ్?"

డేగ తెర వైపు చెయ్యి చాపి, చప్పున వెనక్కి లాక్కున్నాడు.

చూపిస్తే ముందు తన మోసమే బయటపడుతుంది!

ఢాం!

స్టేజీ మీద ఆఖరి తూటా. హాలు ఈలలతో దద్దరిల్లింది...

బావమరిది గెలిచాడు!