చివర నడిచేవాడు

ఒర్నెల్లాకీ ఎలియోకీ మధ్య ఎప్పుడూ ఓ పద్నాలుగు మంది ఉంటారు. ఒక్కోసారి పన్నెండు, ఒక్కోసారి పదహారు. ఎంతమందైనా ఎలియోకి ఎక్కువే.

ఇద్దరూ గైడ్లు. సెలవులకొచ్చిన గ్రూపుల్ని సముద్రం పక్క కొండల మీద ఊరి నుంచి ఊరికి నడిపిస్తారు. దారి చూపుతూ ముందు ఒర్నెల్లా, ఎవరూ తప్పిపోకుండా చివర ఎలియో. చివరివాడు ఎవర్నీ దాటి ముందుకు వెళ్ళకూడదు. అతను కనిపించాడంటే అందరూ వచ్చేసినట్టే.

మూడేళ్లుగా ఇదే పని. దారి మలుపు తిరిగినప్పుడల్లా ఆలివ్ చెట్ల మధ్య ఆమె నీలం చొక్కా కనిపించేది, అంతలోనే మాయమయ్యేది. పాపం, మనవాడు ఆ మలుపుల మీదే బతికాడు. సాయంత్రం బల్ల దగ్గర పక్కనే కూర్చున్నా, రేపటి వాన గురించి తప్ప నోరు పెగిలేది కాదు.

ఈరోజు బొనాస్సోలా నుంచి లెవాంతోకి ఆఖరి నడక. ఆరు గంటల ట్రైన్‌కి ఒర్నెల్లా మంచుకొండల్లో కొత్త ఉద్యోగానికి వెళ్ళిపోతోంది. చెబితే ఈలోపే చెప్పాలి.

"నడిచేది నేను, నిట్టూర్పులు నీవీనా అబ్బాయ్?" అంది సిన్యోరా అదల్జీసా. బెర్గమో నుంచి వచ్చిన డెబ్భై రెండేళ్ల పెద్దావిడ, గ్రూపులో అందరికంటే నెమ్మది. మిగతావాళ్ళు అప్పుడే పైన నీళ్ళ కుళాయి దగ్గరికి చేరిపోయారు.

"ఏం లేదు సిన్యోరా," అన్నాడు ఎలియో గౌరవంగా.

"వారం రోజులుగా చూస్తున్నా. ఆ పిల్లకి చెప్పెయ్."

"మిమ్మల్ని వదిలి వెళ్ళకూడదు."

"నేనేమన్నా పసిపిల్లనా? బూటులో రాయి పడింది, తీసుకుని వస్తా. వెళ్ళు."

ఎలియో ఒక్క పరుగున పైకి చేరాడు. అతన్ని చూడగానే ఒర్నెల్లా, "అందరూ వచ్చేశారు, పదండి," అంటూ బయల్దేరింది.

అతను ఆమె పక్కనే నడిచాడు, మూడేళ్లలో మొదటిసారి. కొత్త చోట చలి గురించి, కొనుక్కున్న చేతితొడుగుల గురించి ఆమె చెబుతుంటే అతనికి లోకమే గుర్తులేదు. లెవాంతో ఇళ్ళు కనిపించాక ఆమె ఠక్కున ఆగింది.

"నువ్విక్కడుంటే చివర ఎవరున్నారు?"

ఎలియో వెనక్కి తిరిగి చూశాడు. అదల్జీసా లేదు. గ్రూపుని ఐస్‌క్రీమ్ తినమని ఊళ్ళోకి పంపేసి ఇద్దరూ వెనక్కి పరుగెత్తారు.

"ఎలా వదిలేశావ్ ఆవిణ్ణి?"

"నీతో మాట్లాడాలని."

"అంత కొంప మునిగే మాటేంటి?"

"నువ్వంటే నాకిష్టం. మూడేళ్ల నుంచీ."

ఆమె పరుగు ఇంకా పెంచింది.

కుళాయి దగ్గర అదల్జీసా ఒక బూటు విప్పుకుని తాపీగా ఫొకాచా రొట్టె తింటోంది.

"నన్ను మర్చిపోయారన్నమాట. సరేలే. చెప్పాడా?"

"చెప్పాడు," అంది ఒర్నెల్లా రొప్పుతూ.

"నువ్వేమన్నావ్?"

"ముందు మిమ్మల్ని వెతకాలి కదా."

"దొరికాను. ఇప్పుడు చెప్పు."

ఒర్నెల్లా అతని వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళున్నాయి.

"ఉద్యోగం వచ్చిందని మొదట నీకే చెప్పాను. వద్దంటావేమో అనుకున్నా. నువ్వు నా చెయ్యి పట్టి ఊపి శుభాకాంక్షలు చెప్పావ్. ఇంటికెళ్ళి ఎంత ఏడ్చానో తెలుసా?"

ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఇప్పుడు సంతకం పెట్టేశాను. మార్చి దాకా అక్కడ ఉండక తప్పదు."

"వెళ్ళు," అన్నాడతను. "మూడేళ్లు ఆగినవాణ్ణి, ఐదు నెలలు ఆగలేనా?"

"నువ్వు ఆగుతావు. ఆగడం నీకు బాగా అలవాటు," అంది ఒర్నెల్లా, అతని చెయ్యి పట్టుకుని. "నావల్ల కాదు. వచ్చే ఆదివారమే ట్రైనెక్కి రా."