మాస్క్ రాయని దారి

"ఏమయ్యా, ఆ కంప్యూటర్ ముందు నుంచి లేస్తావా, రొట్టె అక్కడికే తెమ్మంటావా?" టీలో పాలు పోస్తూ భార్య సైకల్ కేకేసింది.

కెంజెబెక్ లేవలేదు. ఆత్‌బాషీ పట్నం టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. కొండ కనుమ మీద రెండు సిగ్నల్ స్తంభాలూ, వాటిని నడిపే యంత్రమూ పెట్టి, అవతలి పై ఊరికి ఇంటర్నెట్ పట్టుకెళ్లింది ఆయనే. ఇప్పుడు ఆ పనంతా కూతురు జిపార్ చూసుకుంటోంది. పై ఊళ్లో ఆయన తల్లి బురుల్ మంచాన ఉంది. ఎనభై ఎనిమిదేళ్లు. "ఇక రోజులే అన్నా" అని నర్సు బెర్మెత్ నిన్ననే చెప్పింది. కనుమ దారి మంచుతో మూసుకుపోయి వారం అయింది. పై ఊళ్లో ఏ ఫోనూ పలకదు.

పదింటికి తల్లీకొడుకులు తెర మీద మాట్లాడుకోవాలి. అదేమీ యోగక్షేమాల మాట కాదు. పోయేవాళ్లూ ఉండేవాళ్లూ "నీ మీద నా మనసులో ఏం లేదు" అని ఒకరికొకరు చెప్పుకోకుండా మా కొండ ఊళ్లలో సాగనంపరు. ఆ మాట వినని బిడ్డకు బతికినన్నాళ్లూ అది ముల్లే. కెంజెబెక్‌కి మరీను. ముప్పై రెండేళ్ల కిందట తండ్రి వదిలివెళ్లిన మందను అమ్మేసి తాను పట్నం దిగిపోతుంటే, తల్లి గుమ్మంలో నిలబడి మొహం తిప్పేసుకుంది. ఆ తర్వాత రాకపోకలు ఉన్నాయి, పెట్టుపోతలు ఉన్నాయి. ఆ సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

నిన్న తెరలో బొమ్మ ఆగి ఆగి వచ్చింది. ఇవాళ అమ్మ మాట ఒక్కటి కూడా తెగకూడదనుకున్నాడు పాపం. పై ఊరికి వెళ్లేదంతా రెండో స్తంభం మీదుగా మళ్లిద్దామని, ఇరవై ఏళ్లుగా కొడుతున్న ఆదేశాన్నే కనుమ మీది యంత్రానికి పంపాడు.

అంతే. తెర బిగుసుకుపోయింది.

పైకప్పు మీద మంచు తోస్తున్న జిపార్ తండ్రి కేక విని పరుగున వచ్చింది. చేతి తొడుగులైనా తీయకుండా కీబోర్డు అందుకుంది.

"ఏం కొట్టారు నాన్నా?"

"పై ఊరికి దారి. పది, నాలుగు, సున్నా, సున్నా. కొత్తదేం కాదు."

"మాస్క్ రాశారా?"

"మాస్కెందుకే? ఆ నంబర్లో ఊరి పేరు ఎంతవరకో, ఇంటి నంబరు ఎక్కణ్నుంచో చెప్పే గుర్తేగా అది, సున్నాలు చూసి యంత్రమే పోల్చుకుంటుంది."

"పోల్చుకునేది మీ పాత యంత్రం! పోయిన నెల నేను పెట్టిన కొత్తది సున్నాలు చూడదు. మాస్క్ రాయకపోతే మొదటి సంఖ్య చూసి ఊహించేస్తుంది. పదితో మొదలైతే పదులన్నీ ఒకే ఊరు దానికి. మన ఇల్లు పదే, ఆసుపత్రి పదే, పై ఊరు పదే. అందర్నీ కట్టగట్టి రెండో స్తంభం వైపు తోసేసింది."

"అయితే ఆ దారి తీసిపారెయ్."

"ఎలా తీయను? మనకి రావాల్సిన జవాబూ అటే పోతోంది. మనల్ని బయట పెట్టి అది లోపల గడియ వేసుకుంది!" "తాకే ముందు, పది నిమిషాల్లో తనంతట తానే ఆరి వెలగమని దానికి చెప్పి పెట్టారా? ఒక్కసారి ఆరితే మీరు కొట్టింది మర్చిపోయి మామూలుగా లేస్తుంది."

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎక్స్ఛేంజీలో కుర్రాళ్లకు ఆ జాగ్రత్త నేర్పింది తానే. ఇవాళ అమ్మ ధ్యాసలో మర్చిపోయాడు.

"బ్యాటరీ అయిపోతే ఆరిపోదూ?" అంది సైకల్ ఆశగా.

"సోలార్ పలకల మీద మంచు ఉంది, ఎండ పడదు. పాత బ్యాటరీ అయితే సాయంత్రానికే చచ్చేది. కొత్తది రెండు రోజులు లాగుతుందమ్మా. అదీ నేను పెట్టిందే."

గోడ గడియారం పది కొట్టింది. కెంజెబెక్ దిగ్గున లేచి బూట్లు తొడుక్కున్నాడు.

"ఎక్కడికి? చావడానికా?" సైకల్ తలుపుకి అడ్డం నిలబడింది.

"మా అమ్మ అక్కడ కళ్లు కాయలు కాసేలా చూస్తూ ఉంటుందే!"

"గుర్రం కూడా దిగబడే మంచు. కూర్చో!"

రోడ్ల ఆఫీసుకి ఫోన్ చేస్తే మంచు తవ్వే బండి నాలుగు రోజులాగి శుక్రవారం వస్తుందన్నారు. అవతలివాణ్ని తిట్టాడు. తర్వాత బతిమాలాడు. చివరికి ఫోన్ పెట్టేసి కూతురి మీద పడ్డాడు.

"కొత్తది ఇలా ఊహిస్తుందని నాకో ముక్క చెప్పావా?"

"తాకొద్దని చెప్పాను కదా!"

"తాకొద్దంటే? ముసలాడికి చేతకాదనేగా! ఎందుకు తాకకూడదో చెప్పావా?"

కొత్తది ఊహిస్తుందన్న సంగతి జిపార్‌కి మొదటి రోజే తెలుసు. తన పుస్తకంలో రాసుకుంది కూడా.

రెండు రోజులు ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది కానీ ఎవరూ సరిగా తినలేదు. కెంజెబెక్ కుర్చీ వదల్లేదు. చేయడానికి ఏమీ లేదని ఆయనకి తెలుసు. అయినా మాటిమాటికీ కీబోర్డు మీద చేయి వేసేవాడు, తీసేసేవాడు.

మూడో రోజు మధ్యాహ్నం గట్టి ఎండ కాసింది. పైన బ్యాటరీ ఎప్పుడు ఆరిందో, పలకల మీది మంచు ఎప్పుడు జారిందో, తెర మీద దీపం పచ్చగా వెలిగింది. బెర్మెత్ కనిపించింది. ఆమె వెనక మంచం ఖాళీగా ఉంది.

"అన్నా... నిన్న సాయంత్రం."

సైకల్ నోటికి తలగుడ్డ కొంగు అడ్డం పెట్టుకుంది. బెర్మెత్ చెప్పుకుపోయింది.

"మొన్న పదింటికి తెర ముందు కూర్చోబెట్టమంది. నల్లగా ఉందమ్మా అన్నాను. 'అవతల వాడున్నాడులే. వాడు ముందు నుంచీ అంతే, నోరు విప్పడు, చేతులే ఆడిస్తాడు. బాగుచేస్తూ ఉంటాడు' అంది. ప్రార్థనలోలా అరచేతులు చాపి ఆ నల్లటి తెరకే చెప్పింది అన్నా. 'మంద అమ్మి మంచి పనే చేశావు. ఆ మాట చెప్పకుండా ఇన్నేళ్లూ నిన్నే ఊహించుకోమని వదిలేశాను. నా పాలకు నీకు రుణం లేదు, నీ మీద నా మనసులో ఏం లేదు' అంది. పొల్లుపోకుండా మీకు చెప్పమంది."

కెంజెబెక్ చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. తన వంతు మాట తనలోనే ఉండిపోయింది. వినాల్సిన మనిషి లేదు. కాసేపటికి మొహం తుడుచుకుని కూతురి వైపు తిరిగాడు.

"జిపార్, నిన్ను ఊహించుకోమని వదలను తల్లీ. నీ మీద నాకు ఏం లేదు. ఈ పని నువ్వు నాకంటే బాగా చేస్తావు. పోయినేడే చెప్పాల్సింది."

"ఎందుకు తాకకూడదో నేను కావాలనే చెప్పలేదు నాన్నా." ఆమె ఆయన మోకాళ్ల మీద తల ఆన్చేసింది. "ఒక్కసారైనా మీరొచ్చి నన్ను అడగాలనుకున్నాను. దానికి నాయనమ్మ..."

ఆయన ఆ తల మీద చేయి వేసి ఉంచాడు. ముగ్గురూ తెర వైపు అరచేతులు చాపారు. అవతల బెర్మెత్ కూడా చాపింది. కెంజెబెక్ ఆ ఖాళీ మంచానికి తన మాట చెప్పుకున్నాడు. చెప్పినంతసేపూ తెరలో బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు.