కొస మీద గుచ్చిన చుక్క

రండర్రా, దగ్గరికి జరగండి. చాపలు రెండే ఉన్నాయి, సర్దుకోవాలి. వెనక గోడకి చేరగిలబడ్డవాళ్ళు కూడా ముందుకి రండి, ఇది గట్టిగా చెప్పే కథ కాదు. వాగుడుకాయా, నువ్వు నా పక్కన కూర్చో. నీ నోరు నా కళ్ళెదుట ఉంటే నాకు నిశ్చింత.

ముందు చిన్న పాఠం. బొటనవేలు ముక్కు ముందు నిలబెట్టండి. ఎడమ కన్ను మూయండి. ఇప్పుడు అది తెరిచి కుడి కన్ను మూయండి. వేలు పక్కకి గెంతింది కదూ? దగ్గరున్నది ఎక్కువ గెంతుతుంది, దూరంగా ఉన్నది తక్కువ గెంతుతుంది. ఆ గెంతు కొలిస్తే దేని ఎత్తు ఎంతో చెప్పొచ్చు. మా మేనమామ చాలా ఏళ్ళు ఆ గెంతు కొలిచి బతికాడు.

మామయ్య సైన్యంలో పనిచేసేవాడు, కానీ తుపాకీ పట్టలేదు. నేలమాళిగలో ఆయనకో గది. కిటికీ లేదు. ఫొటోలు కడిగే మందు వాసన, తడి గోడల వాసన, నెత్తిమీద కిరకిరమనే ఫ్యాను. రోజూ పొద్దున పదింటికి ఒక విమానం హద్దు అవతల చాలా ఎత్తున ఎగిరి నేలని ఫొటోలు తీసేది. మధ్యాహ్నానికి అవి మామయ్య బల్ల మీదికి వచ్చేవి. ఒకే చోటుని కాస్త ఎడంగా తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి, వాటి మీద ఇనప కాళ్ళున్న జోడు అద్దాలు నిలబెట్టేవాడు. రెండు కళ్ళూ పెట్టి చూస్తే చదునైన కాగితం లేచి నిలబడేదట. ఇళ్ళు పైకి, బావులు లోతుకి.

అలా చూసి, పైవాళ్ళు అడిగిన చోట సూదితో చుక్క గుచ్చాలి. ఆ చుక్క అడ్డానికి ఎంత, నిలువుకి ఎంత అని కొలిచి అంకెలు రాయాలి. ఆ అంకెల మీదే బాంబు పడుతుంది.

మామయ్యకి పెళ్ళి కాలేదు. ఒక అద్దెగది, ఒక కంచం, ఒక గ్లాసు. పక్కవాటా వాళ్ళకి ఆయన పేరు కూడా తెలీదు. ఆయనకి రోజూ కనిపించే సంసారం ఒక్కటే, అదీ ఫొటోలో. హద్దు అవతల, వైర్‌లెస్ స్తంభం పక్కన చిన్న ఇల్లు. పెరట్లో బట్టలారేసే తీగ. అద్దంలో చూస్తే గుడ్డలు గింజల్లా కనపడేవట. ఒక పెద్ద చొక్కా, రెండు దుప్పట్లు, పిల్లల గౌన్లు మూడు. మొత్తం ఆరు. మామయ్య పని మొదలుపెట్టే ముందు వాటిని లెక్కపెట్టుకునేవాడు. అంతకుముందు ఒక ఏడాది చిన్న చిన్న గుడ్డలు వరసగా కనపడితే మా అమ్మకి ఉత్తరం రాశాడు, ‘వాళ్ళింట్లో పాప పుట్టినట్టుందే అక్కయ్యా’ అని. ‘ఎవరింట్లోరా?’ అని అమ్మ తిరుగు ఉత్తరం రాసింది.

ఒకరోజు ఆ స్తంభం అంకెలు కావాలన్నారు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. పైనుంచి తీసిన ఫొటోలో పొడుగాటి వస్తువు పక్కకి ఒరిగినట్టు పడుతుంది. మొదలు ఒకచోట, కొస ఇంకోచోట. చుక్క ఎప్పుడూ మొదట్లోనే గుచ్చాలి. ఆ రోజు స్తంభం మొదలు నీడలో కలిసిపోయింది. కొస మాత్రం స్పష్టంగా ఉంది, ఆ ఇంటి పెరటి మీదికి ఒరిగి. ముందు కొస మీద గుచ్చుదాం, ఒరుగు ఎంతో కొలిచి తర్వాత అంకెల్లోంచి తీసేద్దాం అనుకున్నాడు మామయ్య. గుచ్చాడు. అంకెలు రాశాడు. ఇంతలో ఫోను మోగింది.

“అంకెలు రెడీయా?”

“ఒక్క పావుగంట సార్.”

“విమానం లేచిపోయిందయ్యా. ఉన్నవి చదువు.”

చదివేశాడు.

మర్నాడు ఫొటోలో స్తంభం చెక్కుచెదరలేదు. పెరడు లేదు. ఇల్లు లేదు. గుండ్రంగా ఒక గొయ్యి.

ఆఫీసరు కిందికి దిగి వచ్చాడు. “చుక్క మొదట్లోనే గుచ్చావా?” అనడిగాడు.

మామయ్య ఫ్యాను వైపు చూశాడట. “మొదట్లోనే సార్.”

“అయితే తప్పు విమానం వాడిదే,” అని ఆఫీసరు కాగితం ముందుకు జరిపాడు. మామయ్య సంతకం పెట్టాడు. విమానం నడిపిన కుర్రాణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు.

ఆ మధ్యాహ్నం మామయ్య అద్దాల్లో మళ్ళీ చూశాడు. గొయ్యి లోతుగా కనపడింది. దాని మీద... గాలిలో... తీగ. తీగ మీద బట్టలు. ఎడమ కన్ను మూశాడు, లేవు. కుడి కన్ను మూశాడు, లేవు. రెండూ తెరిచాడు. ఆరు.

భయం వేసినవాడు తనకి వచ్చిన పనే చేస్తాడు. మామయ్య ఆ తీగ గుంజ మొదట్లో సూది ఆనించి కొలిచాడు. వచ్చిన అంకెలు ఆ ఇంటివి కావు. రెండు మైళ్ళు ఇవతల, హద్దు మీదివి. అదే ఫొటో మర్నాడు కొలిచాడు. ఇంకా ఇవతలికి. ఫొటోలో తీగ కదల్లేదు పిల్లలూ... అంకెల్లో కదిలింది.

ఆయన ఉద్యోగం మానేసి వచ్చేశాడు. ఆ రెండు ఫొటోలూ, అద్దాలూ పెట్టెలో పెట్టుకునే వచ్చాడు. పారెయ్యలేకపోయాడు. ఆయన్ని చూడ్డానికి నేనోసారి వెళ్ళాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. సందు చివర గది, ఒకటే బల్బు. మామయ్య గుండీలన్నీ పెట్టుకుని పొడుగు చేతుల చొక్కాలో కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు, ఎవరో వస్తారన్నట్టు. గోడ మీద పటం. పటం మీద ఎర్ర చుక్కలు, ఒకదాని వెనక ఒకటి, తడి కాళ్ళతో నడిచి వచ్చినట్టు. చివరి చుక్క ఆ సందులోనే ఉంది.

“చూడు అల్లుడూ,” అని అద్దాలు జరిపాడు. “నా కళ్ళు పాడయ్యాయేమో. నువ్వు లెక్కపెట్టు.”

చూశాను. మొదట అంతా మసక. తర్వాత కాగితం లేచింది. గొయ్యి... తీగ... సబ్బు వాసన వచ్చింది, ఎక్కణ్ణించో తెలీదు.

“ఎన్ని?” అన్నాడు గుసగుసగా.

“ఏడు మామయ్యా.”

ఆయన చెయ్యి తన చొక్కా గుండీల మీదికి వెళ్ళింది.

“నిన్నటిదాకా ఆరే. ఏడోది ఎలా ఉంది?”

“చేతులు వేలాడుతున్నాయి. చొక్కా... పొడుగు చేతులది.”

మామయ్య తల ఊపాడు. సొరుగులోంచి ఒక కవరు తీసి నా చేతిలో పెట్టాడు. “విమానం వాడి తప్పు కాదని రాశాను. నేను కొస మీద గుచ్చానని రాశాను. ఇన్నాళ్ళూ పోస్టు డబ్బా దాకా వెళ్ళి తిరిగొచ్చాను అల్లుడూ. నువ్వు వెయ్యి. వేస్తావుగా?”

“వేస్తాను.”

తెల్లవారి లేచి చూస్తే మామయ్య కుర్చీలోనే ఉన్నాడు. ఒళ్ళు చల్లబడిపోయింది. ఒంటి మీది చొక్కా తడిసి ముద్దయి ఉంది, అప్పుడే ఉతికి పిండకుండా తొడిగినట్టు. నేల మీద చుక్క నీరు లేదు. ఆయన జుట్టు కూడా పొడిగానే ఉంది.

ఇదీ కథ. ఇక నీతి చెప్పాలి కదా, మాస్టార్ని. చేసిన తప్పు చెప్పెయ్యాలి అని చెప్పాలి. చెప్పడానికి నాకు నోరు రావడం లేదర్రా. ఆ కవరు నేను పోస్టు చెయ్యలేదు. పోయినవాడి పేరు పాడు చెయ్యడమెందుకు, అమ్మ నలుగురిలో తలెత్తుకోలేదు అనుకున్నాను. రేపు వేద్దాం అనుకున్నాను. అది ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది. విమానం నడిపిన ఆయన ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో.

మొన్న సొరుగు సర్దుతుంటే మామయ్య ఫొటోలూ, అద్దాలూ బయటపడ్డాయి. చూడకుండా ఉండాల్సింది. చూశాను. కొలవకుండా ఉండాల్సింది. కొలిచాను. మీకు నేర్పే పటమే తీసి ఆ అంకెలు దాని మీద పెట్టాను. అడ్డం సరిపోయింది. నిలువు సరిపోయింది. అది ఈ...

ఏమిట్రా వాగుడుకాయా, ఇందాకట్నించీ గుమ్మం వైపు చూస్తున్నావు? తీగా? మన బడి ముందు తీగ ఎక్కడుందిరా? పొద్దున జెండా కర్ర తప్ప ఏమీ లేదే... బట్టలా. నువ్వు లెక్కల్లో మొద్దువి, మెల్లగా లెక్కపెట్టు. నాకేసి కాదు, అటు చూసి.

ఎనిమిదా. మొన్న అద్దాల్లో ఏడే.

సరే. ఎవరూ ఏడవొద్దు. లేవండి. చాపలు అలాగే ఉండనివ్వండి, నేను చుడతాను. వెనక తలుపు నుంచి వెళ్ళండి. చిన్నవాళ్ళ చెయ్యి పెద్దవాళ్ళు పట్టుకోండి. పోస్టాఫీసు ఇంకా మూసి ఉండరు, నేను కూడా మీ వెనకే బయల్దేరతాను, కవరు తీసుకుని.

ఇంకా ఏమిటి నాన్నా? నా చొక్కానా? వీపు తడిసిందా... చెమటేలేరా. ఇంత ఉక్కపోతలో పట్టకేం చేస్తుంది?

వెళ్ళండి. అమ్మలు ఎదురుచూస్తుంటారు. కడుపునిండా తినండి.