నాలుగు బోల్టుల స్టెప్నీ

నా కారు డిక్కీలో ఒక చక్రం ఉండేది. అది నా కారుది కాదు, నా కారుకు పట్టదు కూడా. అయినా మూడేళ్లు దాన్ని మోసినాను.

పుంగనూరు బస్టాండు అవతల రెడ్డెప్ప పంక్చర్ అంగడి ఉంది. పోయిన కార్తీకంలో ఒక మధ్యాహ్నం టైర్లకు గాలి పట్టించుకుందామని అక్కడ ఆగినాను. వాన వచ్చేట్టు మబ్బు పట్టి ఉండింది. రెడ్డెప్పకు చేయి ఎంత మంచిదో నోరు అంత చెడ్డది. స్టెప్నీకి కూడా గాలి చూస్తానని డిక్కీ ఎత్తి, పాత పాటే అందుకున్నాడు.

“దేవరాజులూ, దీన్ని యాల మోస్తాండావప్పా? దీనికి బోల్టులు నాలుగు. నీ బండికి ఐదు. గాలి గూడా లేదు దీంట్లో.”

“ఉండనీలే.”

“ఉండనీలే అంటే ఎట్ల? ఈడ దించు. నీ బండికి సరిపోయే చక్రం నా దగ్గిర ఉండాది, ఏసుకోని పో. మీ ఇంటామెకు నెలలు నిండతా ఉండాయి గదా.”

నాకు ఒళ్లు మండింది. ఈ చక్రం మాటెత్తితే నేను ఎవరినైనా కరుస్తాను. నా బండి గ్యాసుది. డిక్కీలో సగం సిలిండరే. దీన్ని నాకు అమ్మినాయన అప్పుడే చెప్పినాడు, ఈ కాలంలో స్టెప్నీ ఎవురు మోస్తారప్పా, పంక్చర్ కిట్ ఇస్తాను, అది చాలు అని. మిగిలిన చోటులో ఒక్క చక్రం పడుతుంది. ఆ ఒక్క చోటులో పాతది ఉంది.

రెడ్డెప్ప ఊరుకోలేదు. లోపల నుంచి ఐదు బోల్టుల చక్రం దొర్లించుకొని వచ్చి నా ముందర నిలబెట్టినాడు. దాని పక్క ఒకసారి చూసినాను. డిక్కీ పక్క ఒకసారి చూసినాను.

“రేపు వచ్చి ఏసుకుంటాలే,” అన్నాను.

ఆ చక్రం సంగతి చెప్తాను, దాచేదేముంది. మాది చౌడేపల్లె పక్కన పల్లె. మూడేళ్ల కిందట నాకు వేరే కారు ఉండింది, నాలుగు బోల్టుల చక్రాలది. టమాటా కాలంలో బాడుగలు మానుకొని, వెనక సీటు మడిచి, మా చేని టమాటాలు నేనే మదనపల్లె మార్కెట్టుకు తోలేవాణ్ని. స్టెప్నీ తీసేస్తే ఇంకో రెండు క్రేట్లు పడతాయి. మా పక్క అందరూ చేసే పనే. తీసిన స్టెప్నీని వసారాలో పడేస్తే మా అశ్విని దాన్ని పీట చేసుకుంది. తొమ్మిదేళ్ల పిల్ల. దానిమీద కూర్చొని హోంవర్కు రాసేది, అన్నం తినేది, నాతో జగడం పెట్టుకునేది. గోడలకు కొట్టగా మిగిలిన సున్నంలో వేలు ముంచి టైరుమీద వంకరటింకరగా తన పేరు రాసుకుంది.

టమాటా అయిపోయిన మరునాడు పొద్దున స్టెప్నీని కారులో పెట్టేద్దామని ఎత్తినాను. అడ్డం వచ్చి నిలబడింది.

“నాయనా, ఈ పొద్దుకు ఒక్కటి ఉండనీ. రేపు ఏసుకో.”

ఆడబిడ్డ గడ్డం పట్టుకొని అడిగితే ఏ తండ్రి కాదంటాడు? సరేలే, రేపే అని దించేసినాను.

ఆ సాయంత్రమే ఖాళీ క్రేట్ల సందులో బిడ్డను పాము కరిచింది. పుంగనూరులో సూది వేసి, వెంటనే మదనపల్లెకు తీసుకపొమ్మన్నారు. ఊరు దాటి కొంచెం దూరం పోయినామో లేదో, వెనక చక్రం పేలింది. దిగి డిక్కీ తీసి చూసినాను. స్టెప్నీ లేదని నాకు తెలుసు. అయినా తీసి చూసినాను.

బిడ్డను భుజాన వేసుకొని పరిగెత్తినాను. నా భార్య మునిలక్ష్మి చెప్పులు లేకుండా నా వెనకనే వచ్చింది. బిడ్డ నా చెవి దగ్గర మాట్లాడింది. మాట ముద్దముద్దగా వచ్చింది.

“నేను అడక్కుండా ఉంటే స్టెప్నీ ఉండేది గదా నాయనా. నా వల్లనే గదా.”

కాదు తల్లీ అనాల. ఆ రెండు మాటలే. పరుగులో ఊపిరి ఆడలేదు. ముందర బండి దొరకనీ, ఎక్కినాక చెప్దాం అనుకున్నాను. ఒక ట్రాక్టరు ఆగేసరికి నా భుజంమీది బరువు మారిపోయింది. మోసేవాడికి అది తెలుస్తుంది. ఆ రెండు మాటలూ నా నోట్లోనే ఉండిపోయినాయి.

కారు అమ్మేసినాను. చక్రం అమ్మలేదు. చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు, అది లేకుండా ఊరు దాటలేదు. ఇన్నేళ్లకు మునిలక్ష్మి మళ్లీ నీళ్లు పోసుకుంది. కానుపుకు బైరెడ్డిపల్లెలో ఉండే వాళ్లమ్మ దగ్గరికి పోతా పోతా నా చేయి పట్టుకొని చెప్పింది.

“మామా, ఈ బిడ్డ వచ్చేలోపల మంచి స్టెప్నీ ఏసుకో. అశ్వినిది వసారాలో దాని తావులో పెడదాం. అది ఆడనే కూసోని ఉంటుంది.”

ఆయమ్మకు కూడా రేపే అని చెప్పినాను.

రెడ్డెప్ప అంగడి దగ్గర ఉండగానే ఫోన్ మోగింది. మా అత్త వసంతమ్మ.

“నొప్పులు మొదులైనాయి దేవరాజులూ. ఇంకా మూడు వారాలు ఉండాదనిరి గదా. బిరీన రా నాయనా.”

ఐదు బోల్టుల చక్రం నా కాలికి తగులుతా ఉండింది. డిక్కీలో వేసుకునేదానికి రెండు నిమిషాలు పట్టదు. వేసుకోవాలంటే లోపలిది దించాల. దించలేకపోయినాను.

బైరెడ్డిపల్లె చేరేసరికి పొద్దు వాలింది. 108 ఎక్కడో దూరంగా ఉందంట, గంట పైన పడుతుందన్నారు. మునిలక్ష్మిని వెనక సీట్లో పడుకోబెట్టి, తల మా అత్త ఒళ్లో పెట్టి, కుప్పం పక్క తిప్పినాను. వాన సన్నగా మొదలైంది. దావలో అడివి తగులుతుంది. ఏనుగులు దిగినాయని రెండు రోజులుగా చెప్పుకుంటా ఉన్నారు. అందుకే సందె వాలితే ఆ దావన ఎవురూ రావడం లేదు. తడిసిన ఆకుల వాసన, మన్ను వాసన అద్దాల సందులోంచి లోపలికి వస్తా ఉండింది. వెలుతురు పూర్తిగా పోలేదు. చెట్ల మొదళ్లు కనిపిస్తాయి, వాటి నడుమ ఏముందో కనిపించదు. వైపర్ చప్పుడు, మునిలక్ష్మి పళ్లు బిగబట్టి మూలిగే చప్పుడు. అంతే.

ఒక మలుపులో దావ అంచున పొడుచుకొని వచ్చిన రాయి వెనక చక్రాన్ని కోసేసింది.

టప్‌మనింది.

ఆ చప్పుడు నాకు తెలుసు. మునిలక్ష్మికి కూడా తెలుసు. మూలుగు నిలిపేసింది. అద్దంలో నా పక్క చూసింది. తిట్టినా బాగుండేది.

దిగినాను. టైరు పక్క భాగం బెత్తెడు చీలిపోయింది. పంక్చర్ కిట్ తీసి టైరులోకి మందు ఎక్కించినాను. ఎంత ఎక్కిస్తే అంతా తెల్లగా నురగ కట్టి చీలికలోంచి కారిపోయింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. ముందర దావ ఖాళీ, వెనక దావ ఖాళీ. ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడు... తర్వాత అది కూడా లేదు.

జాకీ కోసం డిక్కీ ఎత్తినాను. జాకీ ఎత్తి ఏం చేస్తావురా, ఏ చక్రం పెడతావురా అని నన్ను నేనే తిట్టుకుంటా ఎత్తినాను.

లోపల లైటు ఆరిపోయి ఉండింది. సున్నం వాసన వచ్చింది. పచ్చి సున్నం... గోడకు అప్పుడే కొట్టిన వాసన.

చక్రం మీద చెయ్యి పెట్టి లాగినాను. రాలేదు. ఒక చేత్తో ఎత్తి పెట్టేవాణ్ని ఎన్నోసార్లు. రెండు చేతులతో లాగినాను. కదల్లేదు. దానిమీద బరువుంది.

ఆ బరువు నాకు తెలుసు.

“నాయనా...”

గుసగుస. చెవి పక్కన కాదు, డిక్కీలోంచే. చీకటి లోపల్నుంచి.

“లెయ్యల్నా?”

డిక్కీ అంచు పట్టుకొని నిలబడినాను. భయమా అంటే భయమే. కానీ మూడేళ్లుగా ఆ గొంతు కోసమే చెవులు పెట్టుకొని బతికినవాణ్ని, పారిపోయేది ఎట్ల?

“మామా...” కారులోంచి మునిలక్ష్మి. “ఆగేట్టు లేదు మామా...”

“నేను లేస్తే... తీసుకుంటావా?” అనింది చీకట్లోని గొంతు.

మూడేళ్ల కిందట దించేసినాను, కూసో అన్నాను. ఈ పొద్దు నా నోటితో లెయ్ అనాల. నా బిడ్డను నేనే లేపాల. ఏడుపు తన్నుకొచ్చింది. వానలో నిలబడి పెద్దాయన ఏడ్చినట్టు కాదు, చిన్నపిల్లోడు ఏడ్చినట్టు ఏడ్చినాను.

“నీ వల్ల కాదు తల్లీ. నీ తప్పు కాదు. ఆ పొద్దు చెప్పలేకపోయినా.”

చక్రం అంచు మళ్లీ పట్టుకున్నాను.

“లెయ్ తల్లీ,” అన్నాను.

టైరు నలిగిన చప్పుడు. తర్వాత చక్రం తేలికయింది... ఎంత తేలికంటే నా చేతుల్లోకి అదే వచ్చింది. జాకీ ఎత్తి, చీలిన చక్రం ఊడదీసి, దీన్ని పెట్టినాను. చీకట్లో వేలితో రంధ్రాలు తడిమినాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

ఐదు.

మళ్లీ లెక్క పెట్టలేదు. పెడితే తగ్గిపోతుందేమోనని భయం. ఐదు బోల్టులూ బిగించినాను. ఊడదీసిన చక్రం ఆడనే వదిలేసినాను. జాకీ డిక్కీలో పడేసి మూయబోతే, నా వెనకనుంచి వినిపించింది. ఈసారి డిక్కీలోంచి కాదు. దావ అంచునుంచి.

“నేను యాడ కూసోవాల నాయనా?”

తిరిగి చూసేలోపల మునిలక్ష్మి అరిచింది. పరిగెత్తి స్టీరింగ్ ముందర పడినాను. మళ్లీ జవాబు చెప్పలేదు. చూడండి నా బతుకు. రెండోసారి కూడా చెప్పలేదు.

బండి కదిలింది. అద్దంలో చూడకూడదు అనుకున్నాను. చూసినాను. వెనక లైటు ఎర్రటి వెలుతురులో, వానలో, చిన్న ఆకారం... బండి వెనకాల పరిగెత్తతా వస్తా ఉండింది. ఆపలేదు. నా కాలు యాక్సిలరేటరు మీద, నా కళ్లు అద్దంలో. మలుపు తిరిగినాక కనిపించలేదు.

ఎనిమిదికల్లా కుప్పం ఆసుపత్రిలో ఉన్నాం. ఇంకో పావుగంట ఆలస్యమై ఉంటే కష్టమయ్యేదని నర్సమ్మ చెప్పింది. ఆడబిడ్డ. తల్లి, బిడ్డ ఇద్దరూ బాగున్నారు. మా అత్త నా తల నిమిరి, నీ స్టెప్నీ కాపాడింది నాయనా అనింది. నేను బయటికి పోయి గోడకు ఆనుకొని నిలబడినాను. సంతోషపడాల్సిన చోట నాకు ఆ ఎర్రటి వెలుతురే కనబడతా ఉండింది. నా బిడ్డను అడివిలో వదిలేసి వచ్చినాను. ఎవురికి చెప్పుకోను?

తెల్లారినాక కారు దగ్గరికి పోయినాను. వాన నిలిచిపోయింది. చక్రం ముందర గొంతు కూర్చొని పగటి వెలుతురులో లెక్క పెట్టినాను. రంధ్రాలు నాలుగు. బోల్టులు ఐదూ బిగించే ఉన్నాయి. ఐదోది ఎక్కడ దిగిందో ఎంత చూసినా కళ్లకు చిక్కలేదు. బొటనవేలితో టైరు నొక్కితే లోపలికి పోయింది, రవ్వంత గాలి లేదు. సున్నం అక్షరాలు ఉండిన చోట నల్లటి రబ్బరే ఉంది.

దాన్ని ఊడదీసి వసారాలో పెడదాం, దాని తావు దానికిద్దాం అనుకున్నాను. చేతులు రాలేదు.

లోపలికి వచ్చినాను. మా అత్త కాఫీకి పోయింది. మునిలక్ష్మి కళ్లు మూసుకొని పడుకొని ఉండింది, బిడ్డ పక్కలో నిద్రపోతా ఉండింది. దావలో నేను విన్నది, చూసినది ఆయమ్మకు ఒక్క ముక్క చెప్పలేదు. చప్పుడు చేయకుండా మంచం చివర కూర్చున్నాను. రాత్రంతా కూర్చోలేదు, నడుము విరిగిపోతా ఉండింది.

మునిలక్ష్మి కళ్లు తెరవలేదు. నిద్రలో మాట్లాడినట్టు మెల్లగా అనింది.

“కొంచిం జరుగు మామా. బిడ్డ రేత్రి నించి నిలబడే ఉండాది.”

ఏ బిడ్డ అని నేను అడగలేదు. జరిగినాను. మంచం చివర జానెడు చోటు వదిలినాను.

కాసేపటికి ఆ చోటులో పరుపు మెల్లగా అణిగింది. దుప్పటిమీద కొంచెం సున్నం అంటుకుంది.